మంగళవారం తగువు

నోరు తెరువు బాబా. రవ్వంత తెరువు. ఒగ్గ చెంచా... లేదా? పళ్ళు బిగించేసినావా? ఈ సూపు పొద్దన్నుంచి ఎన్నిసార్లు వేడి చేసినానో నాకే గుర్తు లేదు. కోడి ముక్కలు కరిగి గంజి అయిపోయినాయి.

మామా, అదే నీ ఇంటామె, కూతురింటి నుంచి సందకాడికి వస్తాది. వచ్చి గిన్నె చూస్తే ఎవుర్ని అంటాది? నిన్నంటాదా? "గంగా, బాబా ఏం తినలే, నువ్వేం చేస్తాండావు?" అని నన్నే అంటాది. సరేలే, నీ యిష్టం. నేనూ ఈడనే కూచుంటా. నా కాళ్ళు కూడా నా మాట వినడం మానేసినాయి.

ఏంది అట్ల చూస్తాండావు? తెలుగులో మాట్లాడ్తాండాననా? నాకొచ్చేది వంటింటి అరబ్బీ గదా బాబా. తిను, తాగు, పండుకో, యల్లా, ఖలాస్. ఇప్పుడు నేను చెప్పాల్సింది ఆ మాటల్లో పట్టదు. నీకు తెలుగు రాదని నాకు తెలుసు. రాదు కాబట్టే చెప్తాండా. వచ్చింటే చెప్పే ధైర్యం నాకుండేదా?

నువ్వు నువ్వు అంటాండానని ఏమనుకోవద్దు. మీ భాషలో సేటుకైనా పనిమనిషికైనా ఒకటే పిలుపు. ఇన్నేండ్లలో అదే అలవాటైపోయింది.

పొద్దున బీపీ చూడను వచ్చిందే, ఆ నర్సు పిల్ల సిల్వియా, మా తెలుగు పిల్లే, గోదావరి పక్కది... పోతా పోతా నా నెత్తిన బండ వేసి పోయింది. ఏం చెప్పిందో చెప్తా. ముందు మొదట్నుంచి చెప్పనీ.

మన సూర్యకిరణ్ సారు... అగో, పేరు వింటానే నీ కన్ను కదిలింది. వద్దులే, పేరు ఇంగ ఎత్తను. ఆయన అంటా. సరేనా?

ఆయనా నువ్వూ ఒకే కాలేజీలో పాఠం చెప్పినారు. నేను కువైట్‌లో ఈ జహ్రాకి, ఈ ఇంటికి వచ్చిన వారమే చూసినా మీ తగువు. మంగళవారం. దివానియాలో, అదే మీ మగోళ్ళ చావిట్లో, అందరూ టీవీ చూసుకుంటా, పేకాట ఆడుకుంటా ఉంటే, మీరిద్దరూ ఒక మూల చేరి అరుచుకుంటాండిరి. నేను వంటింట్లో చాయ్ గ్లాసులు సర్దుతా భయపడి పోయినా. డ్రైవరు ఓబులేసన్న ట్రే ఎత్తుకోను వస్తే అడిగినా, "ఏందన్నా, కొట్టుకునేట్టుండారే, ఆస్తి తగువా?" అని. "ఆస్తి గాదు పాడూ గాదు, కంటికి కనపడని గింజ గురించి అంట" అనె. నేను నమ్మలే.

ఆయనే చెప్పినాడు నాకు. మంగళవారం వచ్చినప్పుడంతా ఒకసారి వంటింటి గడప కాడికి వచ్చి నిలబడతాండె గదా, చాయ్‌లో చక్కెర తక్కువేయమ్మా అనే నెపంతో. చక్కెర కోసమా అది? ఇంత తెలుగు మాట్లాడను వస్తాండె. ఆయనకు అనంతపురం, నాకు రాయచోటి. ఈ ఇంట్లో నాతో తెలుగులో బాగుండావా అని అడిగే ఆడామె లేదు, మగాయన లేడు. ఓబులేసన్నకు బండి తప్ప మాటలు రావు.

"చూడు గంగాదేవీ, గోడకు రెండు సందులు ఉన్నాయనుకో. వెలుతురు గింజల్ని ఒకదాని తర్వాత ఒకటి వదిలితే, ఎవరూ గమనించకుంటే, ప్రతి గింజా రెండు సందుల్లోనూ పోయినట్టే అవతల చారలు పడతాయి. ఎట్ల పోతాందో చూద్దామని సందు కాడ కాపలా పెట్టినామా, బుద్ధిగా ఒకే సందులో పోతాది" అనె.

నేనేమన్నానో తెల్సా? "నేనూ అంతే సారూ. మామా చూస్తాంటే ఒక రకంగా తుడుస్తా, చూడకుంటే ఒక రకంగా తుడుస్తా" అన్నా. అది నీకు అరబ్బీలో చెప్పినాడంట గదా. నువ్వు దగ్గొచ్చేదాకా నవ్వినావు. ఆ నవ్వు వంటింట్లోకి వినబడె.

నీ వాదమేమో, చూడకముందు ఆ గింజ యాడుందని అడగడమే తప్పు, అడగను ఆడ ఏమీ లేదని. ఆయన వాదమేమో, రెండూ జరిగినాయి, లోకమే రెండు పాయలై పోయింది, ఒక పాయలో ఈ సందు, ఇంగో పాయలో ఆ సందు అని. ఒక్కో పాయలో మనమూ ఉంటామంట. "అట్లయితే ఇంగో పాయలో నేను కువైట్‌కి రాకుండా ఊర్లోనే ఉండానా సారూ?" అంటి. "లెక్క ప్రకారం ఉండొచ్చమ్మా" అనె. "ఆ గంగాదేవి బాగుండాదా?" అంటి.

ఆయన చాయ్ గ్లాసు తిప్పుకుంటా, "ఆమెతో మాట్లాడే దారి లేదమ్మా" అనె.

ఆ రాత్రి నేను గోడ తట్టు తిరిగి ఏడ్చినాలే. ఎందుకేడ్చినానో అడగొద్దు.

"మరి మీ ఇద్దరిలో ఎవురిది నిజం? మిషన్ పెట్టి చూస్తే తేలిపోదా?" అని ఒకపారి గట్టిగా అడిగినా. తేలదంట. లెక్క ఇద్దరిదీ ఒకటేనంట. మిషన్‌లో ఇద్దరికీ కనపడేదీ ఒకటేనంట. కనపడినదానికి అర్థమేందనే కాడనే తగువంతా. నూరేండ్ల నుంచి పెద్ద పెద్దోళ్ళే తేల్చలేక పోయినారంట. ఇంగ మీ ఇద్దరూ జహ్రాలో కూచుని తేలుస్తారా? తేలనిదానికి ఇన్నేండ్లు ఎట్ల అరుచుకున్నారు బాబా? అలుపు రాలేదా? గ్లాసులు కడిగే నాకే అలుపొచ్చె.

పోయిన చలికాలం నీకిట్లయింది. కుడి పక్క పడిపోయె, మాట పడిపోయె. వచ్చే పోయే మగోళ్ళు కొన్నాళ్ళు వచ్చినారు, తర్వాత రాలే. దివానియాకు తాళం పడె. ఆయన ఒక్కడే విడవకుండా వచ్చె. అదే ఏడు ఆయనకీ ఉద్యోగం అయిపోయె. ఉద్యోగం లేకుంటే ఈడ ఉండనిచ్చే ఇఖామా లేదు, ఇఖామా లేకుంటే కువైట్ లేదు. తల నెరిసేదాకా ఈ దేశం పిల్లోళ్ళకు చదువు చెప్పినాయన పెట్టె సర్దుకుని అనంతపురం పోయె.

కానీ తగువు నిలపలేదు గదా! ప్రతి మంగళవారం నీ ఫోన్‌కి ఆయన రికార్డు చేసి పంపిన గొంతు వచ్చేది. సగం ఇంగ్లీషు, సగం అరబ్బీ. నీ దిండు పక్కన పెట్టి నేనే నొక్కుతాంటి. నువ్వు కండ్లు మూసుకుని వింటాండివి. అంతా అయినాక ఎడమ చెయ్యి వేలు ఒకటి పైకెత్తి అట్లా ఇట్లా ఊపుతాండివి. లా, లా, ఒప్పుకోనని. అది ఊపినాక నోరు తెరుస్తాండివి. మంగళవారం గిన్నెడు తింటే ఆ ఊపు మళ్ళ మంగళవారం దాకా ఉండేది నీకు. ఆకలి పుట్టను మందులున్నాయంట. నీకు మాత్రం తగువే మందు.

ఇప్పుడు చెప్తాండా. నీ ముఖం చూసి చెప్పలేను, ఈ గిన్నెను చూసి చెప్తా.

ఆయన పోయినాడు బాబా.

నిద్రలోనే పోయినాడంట. వాళ్ళింటామె నాకు ఫోన్ చేసింది, ఈ ఇంట్లో తెలుగు అర్థమయ్యే ఆడమనిషిని నేనొక్కదాన్నే గదా. "మీ బాబాకు చెప్పమ్మా, ఎంత స్నేహమో నాకు తెలుసు" అని ఏడ్చింది. నేను వంటింట్లో నేల మీద కూలబడి పోయినా. మామాకు చెప్తే ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునె. "బాబాకు చెప్పొద్దు గంగా. గుండె తట్టుకోదని డాక్టర్ అన్నాడు. చెప్పినావంటే, ఏమన్నా అయితే నీ మెడకు చుట్టుకుంటాది" అనె.

ఆ మంగళవారం నెట్ లేదని చేతులు తిప్పి చూపించినా. నువ్వు తినలే. మర్నాడూ సరిగా తినలే. చెంప ఎముకలు తేలినాయి. నువ్వు తినకుంటే పోతావు బాబా. నువ్వు పోతే ఈ ఇంట్లో నాకేం పని, నా ఇఖామా ఏమైతాది, ఆ భయం కూడా ఉండాది. లేదని నీ దగ్గర అబద్ధమాడను.

అందుకే చేసినా ఆ పని. పోయిన మంగళవారం నీ ఫోన్‌లో పైకి పైకి పోయి, యాడనో పాతది ఒకటి పట్టుకుని నొక్కినా. ఇన్నేండ్లుగా ఆ గింజ, ఆ సందు, అదే తగువు గదా, ఏది పెడితే ఏముందిలే అనుకుంటి. నా చెవికి అన్నీ ఒకటే మాదిరి. నీకు ఒక్కోటీ ఒక్కో మాదిరని నాకెట్ల తెల్సు?

నువ్వు విన్నావు. చానాసేపు కండ్లు తెరవలే. ఆమీట వేలెత్తి ఊపినావు. నోరు తెరిచినావు. గిన్నెడు తింటివి. అబ్బా, గండం గడిచింది దేవుడా అనుకుంటి.

మర్నాటి నుంచి మొదలు నీ పోరు! యాడిదో తెల్ల దిష్దాషా కావాలని చేత్తో చూపిస్తివి. తొడిగినా. నెత్తికి గుత్రా కావాల. పెట్టినా. దివానియా తాళం తీయాలంట. ఓబులేసన్న నిన్ను కుర్చీలో ఎత్తి కూచోబెట్టి ఆడికి తోసుకుని పోయె. వీధి తలుపు బార్లా తెరిచి పెట్టాలంట. దుమ్ము కొడ్తాంటే నేను తలుపు మూయడం, నువ్వు చెయ్యెత్తి కసరడం. చక్కెర వేసి చాయ్ తెస్తే తోసేస్తివి. చిన్న కప్పు మాదిరి వేళ్ళు చుట్టి చూపిస్తే అర్థమయ్యె, మీ అరబ్బీ కాఫీ గహ్వా కావాలని. దల్లా కూజా నిండా కాచి తెచ్చి కప్పులు పెట్టినా. నువ్వు తాగలే, తాగేవాడు ఇంకోడు లేడు. రాత్రి ఇషా నమాజు దాకా ఆ తలుపునే చూస్తా కూచుంటివి. ఆ గహ్వా అంతా సింకులో పోసినా. నాకెంత కోపమొచ్చిందో! ఈ ముసలాయనకు మతి గూడా పోయిందని ఓబులేసన్నతో అన్నా. అన్నాలే, దాచను.

మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే. నేను తిట్టుకుంటా ఇస్త్రీ చేస్తి, కాస్తి, పారబోస్తి.

ఈ పొద్దు మళ్ళ మంగళవారం. మళ్ళ అదే నొక్కినా. సిల్వియా నీ చేతికి పట్టీ చుడ్తా వినింది. ఆ పిల్లకు ఇంగ్లీషు వచ్చు. బయటికి వచ్చినాక అడిగింది. "అక్కా, ఎవరండీ ఆయన? గురువారం సాయంత్రం వచ్చి కలుస్తానంటన్నాడు, వెళ్ళే ముందు ఆఖరిసారి వాదించుకుందాం అంటన్నాడు. ఎక్కడికెళ్తన్నాడండీ?" అనె.

అది ఆయన కువైట్ విడిచి పోయే ముందర పంపింది. గురువారం వస్తానన్నాడంట! అంటే నువ్వు దాన్ని నమ్మి, తెల్లబట్ట కట్టుకుని, తలుపు తెరిపించి, చచ్చిపోయిన మనిషి కోసం... అయ్యో, నేనేం పాపం చేస్తిని! రానివాని కోసం నిన్ను కాపు కాయించినానే! అదే నీకు చెప్పుకోవాలని కూచున్నా. క్షమించు బాబా. నీకు ఈ మాట అరబ్బీలో చెప్తా, అది వచ్చు నాకు. సామిహ్నీ బాబా. సామిహ్నీ.

ఏంది, తల అట్ల ఆడిస్తాండావు? కాదంటావా? ఏం కాదు?

ఉండు. ఉండు ఉండు.

గురువారం వస్తానన్న మనిషి కోసమైతే, నువ్వు బుధవారమే ఎందుకు కూచున్నావు?

శుక్రవారం ఎందుకు కూచున్నావు?

శనివారం దిష్దాషా ఇస్త్రీ చేసి తెస్తే, వద్దని చేత్తో తోసేస్తివే. అయిపోయింది, ఖలాస్ అన్నట్టు. నేను పీడ వదిలిందనుకుని మడిచి పెట్టేసినా.

మూడు సాయంత్రాలు. బార్లా తెరిచిన తలుపు. తెల్లబట్ట. వచ్చేవాళ్ళకు గహ్వా.

యా అల్లా అంటారే మీరు, అట్ల అనాలనిపిస్తాంది నాకు. మీ అన్న పోయినప్పుడు ఇదే దివానియాలో నువ్వు కూచుంటివి గదా! మూడు రోజులు మగోళ్ళు వస్తానే ఉండిరి. లోపలికి రావడం, చెయ్యి కలపడం, భుజం మీద ముద్దు పెట్టడం, ఒక మాట చెప్పి, ఒక కప్పు తాగి పోవడం. వంటింట్లో దల్లాలు కాచి కాచి నా చేతులు కాలిపోయె. ఎట్ల మరిచిపోతి? నా కండ్ల ముందరే జరిగితే నాకెట్ల తెలీకపోయె?

ఆ పాత గొంతు వింటానే నీకు తెలిసిపోయింది. వెళ్ళిపోయినోడు వస్తానని చెప్తాండాడంటే, కొత్తగా చెప్పను ఇంగ ఆయన లేడని. తెలిసీ నా ముఖం చూసి వేలు ఊపినావు. నేను భయపడి చస్తానని గిన్నెడు తిన్నావు. ఎంత కష్టంగా మింగినావో!

నీ స్నేహితుని చావు పలకరింపులకు నువ్వు కూచుంటివి. నీ నోట మాట లేదు, ఎవురికీ చెప్పుకోలేవు. తెరిచిన తలుపులోంచి ఒక్కడు రాలే. దుమ్మొచ్చింది. నేనొచ్చినా, సణుక్కుంటా.

ఇదీ మీ గింజ మాదిరే అయిపోయింది చూడు. నాకు కనపడింది ఒకటే, దాని అర్థం ఇంకోటి అనుకుని పొద్దన్నుంచి ఏడ్చినా. ఆయనుంటే గడప కాడ నిలబడి నవ్వుతాండె. నాకు నవ్వు రాదు. మీ తగువు నూరేండ్లకు కాకుంటే వెయ్యేండ్లకు తేలనీ, నాకు ఒరిగేదేముంది? నాకు ఈ ముద్ద నీ గొంతు దిగితే చాలనుకున్నా. ఇప్పుడు అది దింపమని అడగను గూడా సిగ్గవుతాంది.

ఉండు. ఈ గిన్నె పక్కన పెడ్తా. కొంగు సర్దుకోనీ. మీ అన్న పోయినప్పుడు వాళ్ళందరూ చెప్పిన చావు పలకరింపు మాట నాకొచ్చు, మూడు రోజులు వంటింట్లోకి వినబడిందే. ఆడమనిషి వచ్చి చెప్పొచ్చో లేదో నాకు తెలీదు. తప్పయితే అల్లా చూసుకుంటాడు.

అజ్జమ్ అల్లా అజ్రక్, బాబా.

...

ఏడువు. ఏడువు నాయనా, నేను తుడుస్తాలే. గుండె తట్టుకోదని ఏ డాక్టర్ అన్నాడు? ఇన్నాళ్ళూ తట్టుకుంటానే ఉంది గదా.

ఏంది, ఆ చెయ్యి? నీళ్ళా? దిండు సరిచేయాలా? కాదా? గుండె మీద పెట్టుకుని... నా తట్టు తల వంచుతాండావేంది?

నాకా? నాకు చెప్తాండావా బాబా?

నాకేమైతాడని ఆయన? చాయ్‌లో చక్కెర తక్కువేయమన్న మనిషి. అంతే గదా. అంతే...

ఊరుకోలేకపోతాండా బాబా. రవ్వంతసేపు నన్ను చూడొద్దు. అట్ల గోడ తట్టు చూడు. ఏడ్చుకోనీ. ఆమీట ఇద్దరమూ తిందాంలే, నేనూ పొద్దన్నుంచి ఏం తినలే.